దేశాటనము – ప్రాంతదర్శనము

వేసవి సెలవులు సమీపించునప్పటికి పత్రికలలో యాత్రాసంస్థల ప్రకటనలు వెల్లువెత్తుట మనము ఏటేట చూచుచున్నదే. ఎనిమిది పగళ్ళు, ఏడు రాత్రులు, అయిదు దేశములు. భారతీయ భోజనము, వీలయినచో ఆవకాయ కూడ. మంచుకొండ మీద ఒక పూట, పడవలో ఒక గంట, చాక్లెట్ల దుకాణమున అరగంట. ఒక్క షెంగెన్ వీసాతో ఇప్పుడు ఐరోపాలో ఇరువదితొమ్మిది దేశములు తిరుగవచ్చును. కావున ఎన్ని దేశములు చుట్టివచ్చితిమన్న లెక్కయే యాత్రకు గీటురాయి అయినది. తిరిగి వచ్చినవారిని "ఏమి చూచితిరి?" అని అడిగినచో దేశముల పేర్లు వరుసగా చెప్పుదురు. "అక్కడివారు ఎట్లుందురు?" అని అడిగినచో "చాల శుభ్రముగా నుందురు" అందురు. ఆ రెండు జవాబుల నడుమ ఒక ఖండమంతయు జారిపోయినది.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటే. దేశమన్నది పటము మీది రంగు. మనుష్యులు బ్రదుకునది ప్రాంతములలో. సెలవు దినములలో ఒక్క దేశమునే ఎన్నుకొని, దాని వేర్వేరు సీమలను నెమ్మదిగా, ఒకదానితో నొకటి పోల్చుకొనుచు చూచినవాడే ఆ దేశమును చూచినవాడు. ఆ చూపు అలవడినవానికి స్వగ్రామము సైతము క్రొత్తగా కనబడును. అలవడనివాడు ఆల్ప్సు పర్వతము లెక్కినను తన వీథి దాటనట్లే. ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఈ మాట చెప్పుట కొక కారణము కలదు. ఈ చూపు నేర్పవలసిన చోటు పాఠశాల. నేర్పనందువలన నష్టపడుచున్న చోటు కూడ పాఠశాలయే.

మజిలీల యాత్ర

తెలుగువారికి ఈ చూపు క్రొత్తది కాదు. మద్రాసు సుప్రీము కోర్టున దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెకు ఆయన వ్రాసి పంపిన సంగతులు 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయినవి. ఆయన పోయినది పుణ్యమునకు. వ్రాసినది మాత్రము మజిలీకి మజిలీకి గల దూరములు, బాటల తీరు, నీటి వసతి, అంగళ్ళలో దొరకు సరకులు, సీమ సీమకు మారు ఆచారములు. హైదరాబాదు, నాగపురముల మీదుగా ఉత్తరమునకు సాగిన ఆ పెద్దమనిషి దేశమంతయు ఇట్లున్నదని ఒక్క ముక్కలో తేల్చలేదు. ఇక్కడ ఇట్లు, అక్కడ అట్లు అని విడివిడిగా చెప్పెను. అందుచేతనే నేడు ఆ పుస్తకము చరిత్రకారులకు సైతము ఆధారగ్రంథ మయినది.

ఆయనకు అది సాధ్యమగుటకు కారణము మజిలీ. పల్లకీ బోయీలు అలసినచోట ఆగవలెను, ఆగినచోట వండుకొనవలెను, వండుకొనుటకు ఆ ఊరివారిని కట్టెలు, నీళ్ళు, బియ్యము అడుగవలెను. అడిగినచో మాట కలియును. మాట కలిసినచో ఊరు తెలియును. విమానము, విలాసపు బస్సు మనకు మజిలీ లేకుండ చేసినవి. ఇది వాహనముల తప్పు కాదు. మజిలీ పోయినదని మనము గుర్తింపకపోవుటయే లోపము. నేటి యాత్రికుడు మజిలీని తానే కల్పించుకొనవలెను.

నాలుగు భాషల దేశము

మనవారు మిక్కిలి మక్కువతో పోవు స్విట్జర్లండునే ఉదాహరణగా తీసికొందము. దానిపై మనకు గల మోజు చాలవరకు సినిమా పాటల వలన కలిగినది. హిందీ చిత్రదర్శకుడు యశ్ చోప్రా విగ్రహమును 2016లో ఇంటర్లాకెన్ పట్టణమున నెలకొల్పి రనగా, ఆ మోజు అక్కడివారికి ఎంత లాభించినదో ఊహింపవచ్చును. మనవారు మంచుకొండల మీద పాట చిత్రించిన చోట నిలిచి ఫొటో తీయించుకొని, 3,454 మీటర్ల ఎత్తున నున్న యుంగ్‌ఫ్రావ్‌యొఖ్ రైలుస్టేషను చూచి వత్తురు. 1912లోనే అంత యెత్తునకు రైలు నడపిన ఆ ఇంజనీర్ల పనితనము చూడదగినదే. కాని అది దేశములో ఒక మూల మాత్రమే.

ఆ దేశపు వైశాల్యము 41,285 చదరపు కిలోమీటర్లు. అనగా మన తెలంగాణములో మూడవవంతుకంటె కొంచెము ఎక్కువ. జనసంఖ్య సుమారు తొంబది లక్షలు. అంత చిన్న దేశమున ఇరువదియారు కాంటన్లు, నాలుగు జాతీయభాషలు కలవు. నూటికి అరువదిమందికి పైగా జర్మను, ఇరువదిమందికి పైగా ఫ్రెంచి, ఎనమండుగురు ఇటాలియను మాటాడుదురు. నాలుగవది రోమాన్ష్. లాటిను నుండి పుట్టి, కొండలోయలలో నిలిచిన ఆ భాషను మాటాడువారు నూటికి ఒక్కరు కూడ లేరు. 'స్విస్ భాష' అన్నది లేనే లేదు. ఏ ఒక్క భాష పేరు పెట్టినను తక్కిన వారికి కష్టము కలుగునని కాబోలు, ఆ దేశము తన నాణెముల మీద లాటినులో 'హెల్వేతియా' అని వేసికొనును.

బెర్న్ నగరమున రైలెక్కి లొజాన్ వైపు పోవువాడు అరగంట తిరుగక మునుపే ఫ్రిబూర్ చేరును. అక్కడ సరీన్ నది ప్రవహించును. ఏటి కావల జర్మను, ఈవల ఫ్రెంచి అని లోకవాడుక. రైలులో ప్రకటనల భాష మారును. దుకాణముల పలకలు మారును. ఈ హద్దునకు అక్కడివారు వేడుకగా 'రోస్టి కందకము' అని పేరు పెట్టిరి. రోస్టి అనగా తురిమిన ఆలుగడ్డను పెనము మీద కాల్చిన పిండివంట. జర్మను సీమవారి పల్లెకూడు. భాషాసరిహద్దుకు కోటపేరు గాని రాజు పేరు గాని కాక, తిండిపేరు పెట్టుకొన్న జనుల స్వభావము మనకు ఆ మాటలోనే తెలియును.

దక్షిణమునకు పోవువారికి గోథార్డ్ కొండ అడ్డు. 1882లో దాని క్రింద పదునైదు కిలోమీటర్ల సొరంగము తవ్వి రైలు నడపిరి. 2016లో యాబదియేడు కిలోమీటర్ల క్రొత్త సొరంగము తెరచిరి. పాత బాటన పోవువాడు ఉత్తరమున గొషెనెన్‌లో జర్మను మాట విని చీకటిలో ప్రవేశించి, దక్షిణమున ఐరోలోలో ఇటాలియను మాట విని వెలుతురులోనికి వచ్చును. మాటయే కాదు, వెలుతురు కూడ మారును. తిచీనో సీమలో రాతియిండ్లు, చెస్ట్‌నట్ వృక్షములు, లుగానో సరస్సు ఒడ్డున తాటిజాతి చెట్లు కనబడును. జర్మను రచయిత హెర్మన్ హెస్సే 1919 నుండి 1962లో మరణించువరకు ఈ సీమలోని మొంతన్యోలా గ్రామముననే నివసించెను. మన బుద్ధయుగమును కథగా మలచిన 'సిద్ధార్థ' 1922లో వెలువడినది ఆ కాలముననే. ఒక జర్మను రచయిత ఇటాలియను సీమలో కూర్చుండి భారతదేశమును తలచుకొన్నాడు.

తూర్పున గ్రౌబుండెన్ కాంటన్ ఒక్కదానియందే జర్మను, రోమాన్ష్, ఇటాలియను మూడును అధికారభాషలు. రోమాన్ష్ లోయ లోయకు మారుటచే దానికి అయిదు వ్రాతరూపము లేర్పడినవి. అందరికిని పనికివచ్చునట్లు 1982లో ఒక ఉమ్మడి రూపమును కూర్చిరి. దానిని బడిలో వాడుట ఎట్లన్న విషయమై పలుచోట్ల తలిదండ్రులు ఎదురు తిరిగిరి. తమ లోయమాటయే తమ పిల్లలకు కావలెననిరి. మన వ్యావహారిక వాదము జ్ఞప్తికి వచ్చుట లేదా? 1938లో ఈ చిన్న భాషకు జాతీయభాషాస్థాన మీయవలెనా యని దేశమంతటిని అడుగగా, నూటికి తొంబదిమందికి పైగా 'ఈయవలెను' అని ఓటు వేసిరి. అప్పుడు ఇటలీలో ముస్సోలినీ ఏలుబడి. రోమాన్ష్ ఇటాలియనులో ఒక యాస మాత్రమేనని అటువైపువారు వాదించుచుండిరి. పిడికెడుమంది భాషను కాపాడుట తమ దేశమునే కాపాడుకొనుట యని జర్మను రైతు కూడ గ్రహించెను.

ఇక పడమట జెనీవా సరస్సు తీరము. బి.ఎడ్. చదివిన ప్రతి ఉపాధ్యాయుడును పరీక్షకొరకు వల్లెవేసిన పేర్లు మూడు ఈ దేశమున పుట్టినవే. రూసో 1712లో జెనీవాలో జన్మించెను. పెస్తలోజ్జీ 1746లో జూరిక్‌లో. పియాజే 1896లో నొషాతెల్‌లో. యుద్ధమున తలిదండ్రులు పోయిన పిల్లలను స్టాన్స్ పట్టణమున చేరదీసి, వారితో కలిసి తిని, కలిసి నిద్రించి చదువు చెప్పిన పెస్తలోజ్జీ, 1805 నుండి ఇరువదియేండ్లు ఇవెర్దోన్ కోటలో పాఠశాల నడపెను. ఆయన పుట్టినది జర్మను సీమ. ఆ పాఠశాల వెలసినది ఫ్రెంచి సీమలో. ఆ తీరముననే విల్నోవ్ గ్రామమున 1931 డిసెంబరులో గాంధీజీ రోమా రోలా ఇంట అతిథిగా నుండెను. లొజాన్‌లో 1936 ఫిబ్రవరి 28న కమలా నెహ్రూ కన్నుమూసెను. ఇన్ని జ్ఞాపకములు గల బాట మీదుగా మన బస్సు చాక్లెట్ల దుకాణమునకు సాగిపోవుచున్నది.

గీతలు ఒకదానిపై నొకటి పడని చోటు

ఈ సీమల నన్నింటిని చూచినవానికి మాత్రమే తట్టు ప్రశ్న ఒకటి కలదు. ఇన్ని విధములుగా వేరైనవారు ఎట్లు కలిసియున్నారు? మంచుకొండ మాత్రమే చూచినవానికి ఈ ప్రశ్నయే పుట్టదు.

జవాబులో ఒక భాగము ఇది. అక్కడ భాషాగీతలు, మతగీతలు ఒకదానిపై నొకటి పడవు. జెనీవా ఫ్రెంచి మాటాడును, అది కాల్విన్ నాటినుండి ప్రొటెస్టెంటుల కోట. ఫ్రిబూర్‌లోను ఫ్రెంచివారే యెక్కువ, కాని అది కాథలిక్కుల సీమ. జూరిక్, లూసెర్న్ రెండును జర్మను మాటాడును. మొదటిది ప్రొటెస్టెంటు, రెండవది కాథలిక్కు. కావున ఒక విషయమున నాకు ఎదుటివాడైనవాడు మరొక విషయమున నావాడగును. శత్రుత్వము పూర్తిగా పండుటకు ఆస్కారము తగ్గును.

అట్లని వారు కలహింపలేదని కాదు. 1847 నవంబరులో కాథలిక్కు కాంటన్ల కూటమికిని తక్కినవారికిని అంతర్యుద్ధము జరిగెను. సేనాపతి ద్యుఫూర్ గాయపడిన శత్రువులను దయతో చూడుడని ఆజ్ఞాపించెను. యుద్ధము నెలలోపల ముగిసెను. చచ్చినవారు సుమారు నూరుమంది. మరుసటి సంవత్సరము, 1848లో, రాజ్యాంగము వ్రాసికొనిరి. బెర్న్ కాంటన్‌లోని ఫ్రెంచి కాథలిక్కులు తమకు వేరు కాంటన్ కావలెనని దీర్ఘకాలము ఆందోళన చేసి, ఓటు మీద ఓటు వేసి, 1979లో జూరా కాంటన్ సాధించుకొనిరి. ప్రత్యేకరాష్ట్ర మన్న మాట విని పెరిగిన మన విద్యార్థులకు ఈ కథ దూరమైనది కాదు.

ఇంతవరకు చెప్పి ఆగినచో ఇది యాత్రాసంస్థ ప్రకటన వంటిదే యగును. ప్రాంతములను చూచువాడు చీకటిమూలలు కూడ చూడవలెను. ఆ దేశమున స్త్రీలకు జాతీయ ఎన్నికలలో ఓటుహక్కు వచ్చినది 1971లో! అప్పన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అను చిన్న కాంటన్‌లో స్థానిక విషయములలో వారికి ఓటు లభించినది 1990లో, అదియును న్యాయస్థానపు తీర్పువలన. మన దేశపు స్త్రీలు 1952 నాటికే మొదటి సాధారణ ఎన్నికలలో ఓటు వేసియుండిరి. ప్రాంతస్వేచ్ఛ ఎంత మంచిదైనను, దాని చాటున అన్యాయము సైతము నిలువగలదన్న పాఠ మిందున్నది.

అంతకంటె బాధాకరమైన సంగతి యేనిష్ సంచారజనులది. 1926 మొదలు 1973 వరకు, 'సంచారము మాన్పించి బాగుచేయుదుము' అను నెపమున, ఒక శిశుసంక్షేమసంస్థ ప్రభుత్వపు అండతో సుమారు ఆరువందలమంది యేనిష్ పిల్లలను తలిదండ్రుల నుండి వేరుచేసి, అనాథాశ్రమములకు, పరుల ఇండ్లకు పంపెను. భాష మరవవలెను, చుట్టరికము మరవవలెను. అదియే వారి పథకము. 1986లో దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పెను. 2025లో ప్రభుత్వము దానిని మానవజాతిపై జరిగిన నేరముగా అంగీకరించెను. రోమాన్ష్‌కు ఓటు వేసిన దేశమే ఈ పని చేసెను. నాలుగు భాషలను గౌరవించినవారు అయిదవ వారిని మరచిరి. ఏ సమాజమునైనను పరీక్షించునప్పుడు అడుగవలసిన ప్రశ్న ఇదియే: ఎవరిని గౌరవించితి రన్నది చాలదు, ఎవరిని లెక్కలో వేయలేదు?

నారాయణఖేడ్ సీమ

ఇప్పుడు మన సీమకు మరలుదము. 1956 వరకు నారాయణఖేడ్ హైదరాబాదు రాష్ట్రములో బీదరు జిల్లా తాలూకా. ఆ యేడు నవంబరు 1న రాష్ట్రములను పునర్వ్యవస్థీకరించినప్పుడు బీదరు జిల్లా మూడు ముక్కలయ్యెను. అహమదుపూరు, నీలంగా, ఉద్గీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయెను. నారాయణఖేడ్ తాలూకాయు, నిర్ణ సర్కిలు మినహా జహీరాబాదు తాలూకాయు, బీదరు తాలూకాలోని న్యాల్కల్ సర్కిలును ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. మిగిలినది మైసూరునకు చెందెను. మెదకు జిల్లాలో చేరిన మన తాలూకా 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. జిల్లా మారినది, రాష్ట్రము మారినది. అంగడి మాత్రము మారలేదు. కంగ్టి, నాగల్‌గిద్ద వైపు అంగడిలో నిలిచి చెవి యొగ్గినచో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అయిదును వినబడును. జొన్నరొట్టె ఒకరికి జోళద రొట్టి, మరొకరికి భాకరి. స్విట్జర్లండువారు కందకమునకు తిండిపేరు పెట్టిరి. మనకు అదే తిండి వంతెన.

మంజీర కథ కూడ ఇట్టిదే. మహారాష్ట్రమున బీడు జిల్లా కొండలలో పుట్టి, మరాఠీ మాటాడు లాతూరు, కన్నడము మాటాడు బీదరు సీమల మీదుగా మన జిల్లాకు వచ్చి, ఉత్తరమునకు తిరిగి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. రైన్ నది రోమాన్ష్ లోయలలో పుట్టి జర్మను సీమలోనికి దిగినట్లే. రైన్ పుట్టిన చోటు చూచుటకు వేల రూపాయలు వెచ్చించువారు మంజీర ఎచ్చట పుట్టినదని తమ పిల్లవాడు అడిగినచో చెప్పగలరా?

సాహిత్యమున కూడ ఈ సీమ హద్దు లెరుగనిది. కల్యాణమున, అనగా నేటి బసవకల్యాణమున, పండ్రెండవ శతాబ్దిలో కన్నడమున వెలిగిన బసవేశ్వరుని కథను పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణముగా తెలుగువారి కిచ్చెను. ఆ తెలుగు గ్రంథమును ఆధారము చేసికొని భీమకవి 1369లో కన్నడ బసవపురాణము రచించెను. కన్నడసీమ కథ తెలుగై, తెలుగు కావ్యము కన్నడమై తిరిగిపోయినది. మన కాలమున పి. వి. నరసింహారావు విశ్వనాథవారి 'వేయిపడగలు'ను హిందీలోనికిని, హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితము' అను పేర తెలుగులోనికిని తెచ్చెను. ఆయన పెరిగినది ఇట్టి బహుభాషల హైదరాబాదు రాష్ట్రమున. ఒక్క భాషలో మునిగిన నగరములలో ఇట్టివారు పుట్టుట అరుదు.

నారాయణఖేడ్‌లో ఉదయము బయలుదేరి సాయంకాలమునకు తిరిగి రాదగినంత దూరమున బీదరు కలదు. బహమనీల కోట; ఇరాన్ నుండి వచ్చిన మంత్రి మహమూద్ గవాను 1472లో కట్టించిన మదర్సా; గురునానకు పేర వెలసిన ఊట. 1699లో గురుగోవిందుని ఎదుట తల యొసగుటకు నిలిచిన అయిదుగురిలో ఒకడు బీదరు మంగలి సాహిబ్‌సింగ్. ఆ పట్టణమున యశదము, రాగి కరగి పోసి, వెండితీగ పొదిగి, కోటలోని పాతమట్టితో నలుపు తెప్పించు బిద్రీ పనివారు నేటికిని కలరు. పారశీకపు నేర్పు దక్కనీ మట్టిలో కలిసినది. ఇంకొంచెము దూరము పోయినచో 1760లో మరాఠాలకును నిజామునకును యుద్ధము జరిగిన ఉద్గీరు. మితాక్షర వ్రాసిన విజ్ఞానేశ్వరుడు, విక్రమాంకదేవచరితము వ్రాసిన బిల్హణుడు నివసించిన కల్యాణము. ఒక ఐరోపా దేశపు నాలుగు సీమలను చూచుటకు ఎట్టి దృష్టి కావలెనో, ఈ నాలుగు ఊళ్ళను చూచుటకు అట్టి దృష్టియే కావలెను.

లెక్కలో వేయనివారు

యేనిష్‌వారిని గూర్చి అడిగిన ప్రశ్న మనకును వర్తించును. మన సీమలో నిజమైన యాత్రికులు లంబాడీలు. ఎద్దులపై ధాన్యము, ఉప్పు మోసికొని దక్కను నలుమూలల తిరిగి, సేనలకు సైతము ఆహారమందించిన జాతి అది. పందొమ్మిదవ శతాబ్దిలో రైళ్ళు, రోడ్లు వచ్చి వారి వర్తకమును మింగెను. 1871 నాటి నేరస్థజాతుల చట్టపు జాబితాలలో పలుచోట్ల వారిని చేర్చిరి. 1952 వరకు ఆ మచ్చ తొలగలేదు. వారి భాష రాజస్థానీకి దగ్గరి చుట్టము. స్వంత లిపి లేదు. మహారాష్ట్రమున నాగరిలో, కర్ణాటకమున కన్నడలిపిలో, ఇక్కడ తెలుగులిపిలో వ్రాయుదురు.

దసరా, దీపావళి గడచిన పిమ్మట తండాల నుండి చెరకు నరుకుటకు కుటుంబములు పరసీమలకు పోవుట మనకు తెలిసినదే. పిల్లలు వెంట పోవుదురు. బడి మధ్యలో ఆగును. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళ వరకు గ్రౌబుండెన్ కొండలలోని పేదపిల్లలు వసంతకాలమున మంచుబాటల మీద నడచి, జర్మనీలోని స్వేబియా పొలములలో కూలికి పోవుచుండిరి. 'స్వేబియా పిల్లలు' అని వారికి పేరు. నేడు అక్కడివారు ఆ బాటలను గుర్తించి, ఆ పిల్లల కథలను ప్రదర్శనశాలలలో నిలిపి, తమ మనుమలకు చూపుచున్నారు. సంపన్నమైన స్విట్జర్లండు పుట్టుకతో సంపన్నమైనది కాదు. ఈ సంగతి మన తండా పిల్లవానికి తెలిసినచో వాని తల ఎంత పైకి లేచునో ఆలోచింపుడు.

కాని బడిలో ఆ పిల్లవానికి మనము చెప్పునదేమి? తెలుగు మాటలో లంబాడీ యాస దొర్లినచో నవ్వుదుము. కన్నడపు మాట కలిసినచో దిద్దుదుము. జూరిక్ ప్రొఫెసరు ఇంటను, వీథిలోను తన సీమ జర్మనునే సిగ్గుపడక మాటాడును. వ్రాయునప్పుడు ప్రామాణిక జర్మను వ్రాయును. రెండును వానికి ఆస్తియే. గిడుగు రామమూర్తి పంతులు సవరభాష నేర్చికొని, సవర పిల్లలకు సవరలోనే వాచకములు వ్రాసి బడులు నడపెను. ఆ పని జరిగినది మన తెలుగునాటనే. తెలుగు ఉపాధ్యాయుడు తెలుగును చక్కగా నేర్పవలెను; అది నా వృత్తిధర్మము గనుక గట్టిగా చెప్పుచున్నాను. అయినను ఇంటిభాషను కించపరచినందువలన తెలుగు వచ్చుట లేదు. నోరు మూతపడుట మాత్రమే జరుగుచున్నది.

రెండు ఆక్షేపణలు

కొందరనవచ్చును: "సెలవు సుఖమునకు గాని పరిశోధనకా? కష్టపడి కూడబెట్టిన డబ్బుతో నాలుగు దేశములు చూచి వచ్చిన తప్పేమి?" తప్పు లేదు. మంచుకొండను చూచి ఆనందించుట కూడ మనుష్యధర్మమే. కాని ప్రాంతములను పోల్చుకొనుచు చూచుట కష్టము కాదు. అదియే గొప్ప సుఖము. రైలు ఏరు దాటగానే మాట మారినదని కనిపెట్టినవాని సంతోషము, నిద్రపోవుచు ఏరు దాటినవానికి లేదు. ఇద్దరికిని టిక్కెట్టు ఖరీదు ఒక్కటే.

మరికొందరనవచ్చును: "విదేశములకు పోలేనివారు బీదరు చూచి తృప్తిపడవలెనని కదా నీ భావము? అందని ద్రాక్ష కథ!" కాదు. పోగలవారు తప్పక పోవలెను. జర్మనీలోనో స్విట్జర్లండులోనో ఉద్యోగములు చేయుచున్న బిడ్డల వద్దకు మూడేసి నెలలు పోవు విశ్రాంత ఉపాధ్యాయులు మనలో పెరుగుచున్నారు. నాలుగు గోడల నడుమ కూర్చుండి తెలుగు సీరియళ్ళు చూచుటకంటె, వారానికొక సీమకు మామూలు రైలులో పోయివచ్చి, ఆ సంగతులు తెలుగులో వ్రాసినచో, మనకు ఎన్ని యాత్రాగ్రంథములు కలుగును! ఆంధ్రవనిత పోతం జానకమ్మ ఇంగ్లండు చూచి వ్రాసిన పుస్తకము 1876లోనే మద్రాసున వెలువడెను. నూటయాబదియేండ్ల పిమ్మట మనము ఫొటోలు మాత్రమే పంపుకొనుచున్నాము. నా మాట దూరపు సీమకు వ్యతిరేకము కాదు. దూరమును దగ్గరను ఒకే కంటితో చూడుమని.

చేయదగిన పనులు

పెద్ద పథకములు అవసరము లేదు. పోవు సీమ చిన్నదైనను పెద్దదైనను, పోవుటకు ముందు ఆ భాషలో ఇరువది మాటలు నేర్చికొనవలెను: నమస్కారము, నీళ్ళు, ఎంత, ధన్యవాదము వంటివి. చూడదగిన స్థలముల జాబితాకు ముందు అంగడిరోజు ఏదో కనుగొనవలెను. అంగడి చూచినవాడు సీమను సగము చూచినట్లే. కనీసము ఒక్క ప్రయాణము ఆ ఊరివారు ఎక్కు బస్సులో, ఆ ఊరివారు ఎక్కు రైలులో చేయవలెను. రాత్రి పడుకొనుటకు ముందు వీరాస్వామయ్య వలె ఒక పుట వ్రాయవలెను. అందు 'బాగున్నది', 'శుభ్రముగా నున్నది' అను రెండు మాటలను నిషేధించుకొన్నచో తక్కిన మాటలు వాటంతట అవియే వచ్చును.

పాఠశాలలు దసరా సెలవులలో ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల పిల్లలను హైదరాబాదు జంతుప్రదర్శనశాలకు తీసికొనిపోవుట మంచిదే. ఒక్క యేడు బీదరునకో బసవకల్యాణమునకో తీసికొనిపోయి చూడుడు. కన్నడము ఇంటిభాషగా గల పిల్లవాడు ఆనాడు తరగతికి దుబాసీ యగును. మరాఠీ వచ్చిన బాలిక దెగ్లూరులో ముందు నడచును. ఊరి కథ తెలిసిన తండా విద్యార్థి శ్రావణములో తీజ్ పండుగకు బుట్టలలో గోధుమమొలకలు పెంచు విధానమును తన తోటివారికి చెప్పును. బతుకమ్మ పేర్చు చేతులు ఆ మొలకల బుట్టను పట్టుకొని చూచును. వెనుక బెంచీలో కూర్చుండు పిల్లలు ముందునకు వచ్చుటకు ఇంతకంటె సులభమైన మార్గము నాకు కనబడుట లేదు.

స్విట్జర్లండులో సైతము ఈ పని ముగిసిపోలేదు. జూరిక్ సీమ ప్రాథమిక పాఠశాలలలో పొరుగు సీమ భాషయగు ఫ్రెంచికంటె ముందు ఇంగ్లీషు నేర్పుచున్నారని దేశమంతట వాదము చెలరేగెను. ఒకే దేశపు ఇద్దరు యువకులు కలిసినప్పుడు ఇంగ్లీషులో మాటాడుకొనుట అక్కడను మొదలయినది. పొరుగువాని భాష నేర్చుట ఎవరికిని ఒక్కసారితో తీరు ఋణము కాదు. తరము తరమును మరల చెల్లింపవలెను. మన సీమలో మాత్రము ఆ ఋణమును పిల్లలు బడికి రాకమునుపే, అంగడిలోను తండాలోను చెల్లించియే వచ్చుచున్నారు. బడి ప్రవేశపత్రములో 'మాతృభాష' అను గడి యొకటి యుండును. ఈ జూన్ మాసమున దానిని నింపుటకు ముందు, ఉపాధ్యాయుడు కలము ఆపి, "ఇంట్లో ఏ మాట మాటాడుదురు బాబూ?" అని అడిగినచో చాలును. వచ్చిన జవాబును నవ్వక వ్రాసికొన్ననాడు ఆ ఉపాధ్యాయుని దేశాటనము ఆరంభమైనట్లే.